ఇనుము ఇంజెక్షన్ వేసినా పంది పిల్లలు పాలిపోవడం: సమాధానం

మూడో రోజున ఇనుము ఇంజెక్షన్ వేసినప్పటికీ మీ పంది పిల్లలు రెండు వారాలకే తెల్లగా పాలిపోయి, కాస్త పరుగెత్తగానే రొప్పుతున్నాయంటే, మందు పూర్తి మోతాదులో ఒంట్లో నిలవలేదని ముందుగా అనుమానించాలి.

1. సీసా మీద మందు బలం చూడండి. పిల్లకు సాధారణంగా 200 మి.గ్రా. ఇనుము కావాలి, మి.లీ.కు 100 మి.గ్రా. ఉండే మందును ఒక్క మి.లీ. వేస్తే సగమే అందుతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే. చెవి వెనుక, మెడ కండరం మీది చర్మాన్ని వేలితో పక్కకు లాగి పట్టుకొని సూది గుచ్చాలి. మందు ఎక్కించాక కొన్ని క్షణాలు ఆగి, సూది తీసిన తరువాతే చర్మాన్ని వదిలితే, అది జారి రంధ్రాన్ని కప్పివేస్తుంది. లేకపోతే మందు వెనక్కి కారుతుంది. మెడపై గోధుమరంగు మరకే అందుకు సాక్ష్యం. తల్లిపాలలో రోజుకు సుమారు 1 మి.గ్రా. ఇనుమే దొరుకుతుంది కనుక, కారిపోయిన మోతాదును పాలు పూడ్చలేవు.

3. రెండో మోతాదు సొంతంగా వేయకండి, ఎక్కువైతే ఇనుమూ విషమే. పశువైద్యునిచేత హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. రొప్పుకు న్యుమోనియా కారణమేమో కూడా ఆయనే చూస్తారు.