‘చేయక తప్పదు’, ‘చేయకుండా ఉండలేడు’ ఒకటేనా?

సందేహం: మా సంఘంలో ఆదివారం ఇంగ్లిష్ ప్రసంగాన్ని తెలుగులో చెబుతుంటాను. ఆదాము పతనం (దేవుని ఆజ్ఞ మీరి పాపంలో పడటం) తర్వాతి స్థితి గురించి ‘మనిషికి పాపం చేయక తప్పదు’ అన్నాను. ‘చేయకుండా ఉండలేడు’ అనాలని ఒక పెద్దాయన దిద్దారు. తేడా ఉందా? ‘పాపం చేయడం మనిషి విధి’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: తేడా ఉందమ్మా, దిద్దుబాటు సరైనదే. ‘నాకు వెళ్లక తప్పలేదు’ అంటాం. నాకైనా, నీకైనా, వాళ్లకైనా ‘తప్పలేదు’ మారదు. ఇష్టం లేకున్నా బయటి ఒత్తిడి నెట్టిందన్న ధ్వని అందులో ఉంది. ‘నవ్వకుండా ఉండలేకపోయాను’ అంటే ఎవరి బలవంతమూ లేదు, నవ్వు నాలోంచే వచ్చింది. క్రియ కూడా మనిషిని బట్టి ఉండలేను, ఉండలేడు, ఉండలేరు అని మారుతుంది. మీరు రోజూ వినే కన్నడంలో ‘మాడదె ఇరలార’దీ ఇదే కట్టు.

క్రైస్తవ వేదాంతంలో ఈ తేడాయే ప్రాణం. పతనమైన మనిషి తాను కోరుకునే పాపం చేస్తాడు, అందుకే దోషి అంటాడు ప్రాచీన క్రైస్తవ వేదాంతి అగస్టీను (354–430). మనిషి స్వేచ్ఛను సమర్థిస్తూ పండితుడు ఎరాస్మస్ 1524లో రాసినదానికి మరుసటి ఏడు జవాబిస్తూ ప్రొటెస్టంట్ సంస్కర్త లూథర్ కూడా అనివార్యత వేరు, బలవంతం వేరని పట్టుబట్టాడు. ‘తప్పదు’ అనగానే ఆ గీత చెరిగిపోయి, ‘పాపం, వాడేం చేస్తాడు!’ అనిపిస్తుంది.

అగస్టీను చెప్పిన స్థితులకు మన వ్యాకరణం చక్కగా అమరుతుంది. పతనానికి ముందు ఆదాము పాపం ‘చేయకుండా ఉండగలడు’. తర్వాతి మనిషి, కృప లేకుండా, ‘చేయకుండా ఉండలేడు’. పరలోక మహిమలో ‘చేయలేడు’. వేగంగా చెప్పేటప్పుడు ‘లే’ స్థానం జారుతుంది, జాగ్రత్త. ‘చేయలేకుండా ఉండడు’ అంటే చేసే శక్తి ఎప్పుడూ ఉంటుందని మాత్రమే అర్థం.

‘విధి’ వద్దు. ‘ఓటు వేయడం పౌరుడి విధి’ వరుసలో అది కర్తవ్యమైపోతుంది! ‘తలరాత’ బ్రహ్మను తెస్తుంది. దేవుని నిర్ణయం గురించైతే రోమా 8:29లోని ‘ముందుగా నిర్ణయించెను’ను అనుసరించండి. అయితే అక్కడ నిర్ణయించినది క్రీస్తుతో సారూప్యం. దాన్ని పాపానికి అంటగట్టకండి.

కాథలిక్ ప్రసంగమైతే ‘స్వేచ్ఛ నశించింది’ అనకూడదు. 1547లో కాథలిక్ సంఘపు ట్రెంట్ మహాసభ అది బలహీనపడిందే గాని ఆరిపోలేదని తేల్చింది. అక్కడ ‘సన్నగిల్లింది’ సరిపోతుంది.