ముందు ఎస్‌ఎంపీఎస్ చూడు, కార్డు సంగతి తర్వాత

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. 3డీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నావని, దానికోసం కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు వేయాలనుకుంటున్నావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నువ్వు పంపిన లిస్టు చూశాను. మొదట్లోనే ఆర్‌టీఎక్స్ 4060 రాశావు. మంచి కార్డే, కానీ నీ మెషీన్‌కి అది వద్దు.

నీది డెల్ ఆప్టిప్లెక్స్ 7020 మినీ టవర్, ఐ5-4590 ప్రాసెసర్. గట్టి మెషీనే. అయితే ఆఫీసు పనికోసం తయారుచేసింది కాబట్టి లోపలున్న ఎస్‌ఎంపీఎస్, అంటే అన్ని భాగాలకీ కరెంటు ఇచ్చే డబ్బా, 290 వాట్లదే. కార్డుకి విడిగా కరెంటు ఇచ్చే ఆరు పిన్నుల వైరు గానీ, ఎనిమిది పిన్నుల వైరు గానీ దాన్నుంచి రాదు. 4060కి 115 వాట్లు కావాలి, విడిగా వైరు పెట్టకపోతే అది పనిచేయదు. ఎస్‌ఎంపీఎస్ మార్చేద్దామా అంటే, ఈ డెల్ బోర్డుకి మామూలుగా ఉండే 24 పిన్నుల కనెక్టర్ లేదు, వాళ్ల సొంత ఎనిమిది పిన్నులది ఉంది. మధ్యలో పెట్టే కన్వర్టర్ కేబుల్ దొరుకుతుంది. కానీ మంచి ఎస్‌ఎంపీఎస్, ఆ కేబుల్, ఆపైన ఖరీదైన కార్డు... 2014లో వచ్చిన ప్రాసెసర్ పక్కన ఇంత డబ్బు పెట్టడం నాకు సబబుగా తోచలేదు.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. హార్డ్ డిస్కుకి వెళ్లే సాటా వైరు నుంచి కార్డుకి కరెంటు తీసే చిన్న కన్వర్టర్లు షాపుల్లో చవగ్గా ఇస్తారు. ఎవరు చెప్పినా తీసుకోకు. సాటా కనెక్టర్‌లో 12 వోల్టుల పిన్నులు మూడే. పిన్నుకి ఒకటిన్నర ఆంపియర్ చొప్పున మొత్తం 54 వాట్లు. ఆరు పిన్నుల కార్డు ఆ దారిన 75 వాట్ల దాకా లాగగలదు. అప్పుడు కనెక్టర్ వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది, మంట కూడా రావచ్చు. నువ్వు రాత్రి రెండర్ (3డీ సీనుని పూర్తి చిత్రంగా మార్చే పని) పెట్టి పడుకుంటానంటున్నావు. కాబట్టి ఇందులో సర్దుబాటు లేదు.

మరి ఏది కొనాలి? బోర్డు మీది పెద్ద స్లాటే కార్డుకి 75 వాట్ల దాకా ఇస్తుంది. ఆ లోపల నడిచే కార్డు వెతుక్కుంటే ఎస్‌ఎంపీఎస్‌ని ముట్టుకోనక్కర్లేదు. నా ఓటు 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీది. అది 70 వాట్లతో నడుస్తుంది. పేరు దగ్గర జాగ్రత్త: ఇదే 3050 పేరుతో 8 జీబీది కూడా ఉంది, దానికి 130 వాట్లు, విడిగా వైరూ కావాలి. బాక్సు మీద 6 జీబీ అని ఉండాలి, కార్డు పైఅంచున పవర్ సాకెట్ ఉండకూడదు, రెండూ చూసుకుని తీసుకో. ఒక్క ఫ్యాన్ ఉన్న పొట్టి మోడల్ అయితే మేలు. కొనేముందు స్లాట్ నుంచి ఎదురుగా ఉన్న డ్రైవ్ బాక్సు దాకా టేపు పెట్టి కొలువు.

నీ లిస్టులోని జీటీఎక్స్ 1050 టీఐ కొట్టేయ్. కరెంటు పరంగా సరిపోతుంది గానీ, 2025 అక్టోబర్ తర్వాత ఎన్‌విడియా ఆ తరం కార్డులకి సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే ఇస్తోంది. ఆర్‌ఎక్స్ 6400 కూడా వద్దు. దానికి స్లాట్‌లో నాలుగు లేన్లే (డేటా వెళ్లే దారులే) పనిచేస్తాయి, పాత బోర్డు మీద వేగం తగ్గుతుంది. పైగా వీడియోని కుదించి సేవ్ చేసే ఎన్‌కోడర్ లేదు. జీటీఎక్స్ 1650 సెకండ్ హ్యాండ్‌లో బాగా తక్కువకి వస్తే ఆలోచించొచ్చు, కానీ బ్లెండర్‌లో సైకిల్స్ అనే ఇంజిన్‌తో చేసే రెండర్‌కి ఆర్‌టీఎక్స్ కార్డులో రే ట్రేసింగ్ కోర్లు (వెలుతురు ఎలా పడుతుందో లెక్కగట్టే భాగాలు) ఉండటం పెద్ద లాభం. నీకు కావలసింది అదే కదా. గేముల్లో మాత్రం నీ నాలుగు కోర్ల ప్రాసెసర్ కార్డుని చాలాచోట్ల వెనక్కి లాగుతుంది, దాని మీద ఆశ పెంచుకోకు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్తావు కాబట్టి చెబుతున్నాను, సెకండ్ హ్యాండ్ కార్డు చూపిస్తే అక్కడే మెషీన్‌లో పెట్టించి, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిపించు. పాత కార్డుకి బయోస్ (లోపలుండే మూల సాఫ్ట్‌వేర్) మార్చి కొత్త పేరు పెట్టి అమ్మేవాళ్లుంటారు. అలాంటివాటిని చాలామటుకు ఆ ప్రోగ్రామ్ ఫేక్ అని చూపించేస్తుంది. కొత్తదైతే బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకో.

కార్డు కంటే ముందు ర్యామ్ చూడు. ఒక్కటే 8 జీబీ స్టిక్ ఉందన్నావు. ఇంకో 8 జీబీ డీడీఆర్3 స్టిక్ జతలో వెయ్యి. అసలు ఎస్‌ఎస్‌డీ లేకపోతే మొదటి ఖర్చు దాని మీదే పెట్టు.

పెట్టేరోజు తొందరపడకు. పాత సెటప్‌తోనే డెల్ సైటు నుంచి బయోస్ అప్‌డేట్ చేసుకో. యూపీఎస్ మీదే చెయ్యి, మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చిపోతుంది. తర్వాత ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టు. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో ఆపు. క్యాబినెట్ ఇనుమును ఓసారి తాకి కార్డు పట్టుకో. స్లాట్ చివర క్లిప్ టక్కుమనేదాకా నిలువుగా నొక్కి, వెనక బిగించు. మానిటర్ కేబుల్ బోర్డుకి కాదు, కార్డుకే పెట్టాలి. కార్డుకి వీజీఏ ఉండదు, నీ మానిటర్ వెనక హెచ్‌డీఎమ్‌ఐ ఉందో లేదో ఇప్పుడే చూసుకో.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. నీ ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా రాదు. బ్లెండర్ లైనక్స్ మీద చక్కగా నడుస్తుంది, సెలవుల్లో వస్తే కూర్చుని వేద్దాం. రేపు కొత్త మెషీన్ కొన్నా ఈ కార్డు దాంట్లోకి మార్చుకోవచ్చు.

డబ్బు కట్టేముందు క్యాబినెట్ పక్క తలుపు తీసి లోపలి ఫొటో, ఎస్‌ఎంపీఎస్ మీది స్టిక్కర్ ఫొటో నాకు పంపు. చూసి సరే అన్నాకే కొను.

ఇట్లు,
మీ మామయ్య