రెండు ఆవుల పేడతో వర్మీ కంపోస్టు: అబ్బాయికి ఉపాధి అవుతుందా?

ప్రశ్న: మాది గజపతినగరం దగ్గర పల్లె. రెండెకరాలు, రెండు ఆవులు ఉన్నాయి. మా అబ్బాయి అగ్రికల్చర్ డిప్లొమా చదివాడు. ఉద్యోగం వద్దు, వర్మీ కంపోస్టు పెడతానంటున్నాడు. డబ్బు పెట్టమంటారా?

జవాబు: పెట్టండి. కానీ వానపాములతో ఎరువు చేసే మడి ఒక్కదానికే పెట్టండి, ఉద్యోగ ప్రయత్నం మాననివ్వకండి.

ముందు పేడ లెక్క చూడండి. ఆవు రోజుకు సుమారు 10 కిలోల పేడ వేస్తుంది. రెండింటికీ నెలకు 600 కిలోలు. గడ్డి, మొక్కజొన్న చొప్ప కలిపినా నెలకు 300 కిలోల ఎరువు రావడం గొప్ప. కిలో 8 రూపాయలకు అమ్ముడైందనుకున్నా 2,400. సంచులు, కూలి అందులోంచే పోవాలి. దీనితో ఇల్లు గడవదు. మొదటి ఏడాది ఆ ఎరువు మీ పొలానికే వేసి, కొనే ఎరువుల ఖర్చు ఎంత తగ్గిందో రాసుకోమనండి.

మడి 10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు చాలు. వెడల్పు అంతకు మించితే చెయ్యి మధ్యకు అందదు. పైన తాటాకు పందిరి వేసి గట్టిగా కట్టాలి, మనది తుపాన్ల ప్రాంతం. వానపాములు ఐసీనియా ఫెటిడా రకానివి ఐదు కిలోలు కావాలి. పొలంలో తవ్వి తెచ్చిన ఎర్రలు మట్టి లోతుల్లో బతికేవి, మడిలో నిలవవు.

ఎక్కువమంది దెబ్బతినేది పచ్చిపేడ దగ్గరే. అది మగ్గేటప్పుడు వేడెక్కి వానపాములను చంపేస్తుంది. తడుపుతూ, తిరగేస్తూ 15-20 రోజులు మగ్గనివ్వాలి. కుప్పలో మణికట్టు దాకా చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగిలితే ఇంకా ఆగాలి. తడి సంగతికొస్తే, గుప్పెడు తీసి పిండితే ముద్ద కట్టి ఒకటి రెండు చుక్కలు రాలాలి. నీరు కారితే గాలి ఆడక పాములు బయటికి పాకుతాయి. ఏప్రిల్, మే నెలల్లో రోజుకు రెండుసార్లు తడపక తప్పదు. చీమలు రాకుండా చుట్టూ నీటి కాలువ, కోళ్లు రాకుండా వల ఉండాలి. జీడిపిక్కల తొక్కు వేయకండి, అందులోని నూనె పాములను కాలుస్తుంది. సరుగుడు ఆకు కుళ్లడానికి చాలా కాలం పడుతుంది, ఉప్పు కలిసిన కూర మిగుళ్లు కూడా వద్దు.

రెండు నెలలకు ఎరువు నల్లగా, టీపొడిలా అవుతుంది. నాలుగైదు రోజులు నీళ్లు ఆపితే పాములు అడుగుకు దిగుతాయి. పైపొర తీసి, జల్లెడ పట్టి, నీడలో ఆరబెట్టాలి.

సంచుల్లో అమ్మే ఎరువుకు 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రమాణాలున్నాయి: నత్రజని కనీసం 1 శాతం, తేమ 15 నుంచి 25 శాతం. మట్టి కలిపితే పరీక్షలో తేలిపోతుంది. ముందు చుట్టుపక్కల మామిడి, కూరగాయల రైతులకు విడిగా ఇచ్చి చూడండి. సంచి మీద పేరు వేసే ముందు మండల వ్యవసాయ అధికారిని కలిసి అనుమతులు అడగండి.

అబ్బాయిని రస్తాకుంటుబాయి లేదా ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి పంపి శిక్షణ గురించి కనుక్కోమనండి. ఆ డిప్లొమాతో గ్రామ వ్యవసాయ సహాయకుడి పోస్టుకు 2019లో అర్హత ఇచ్చారు. మళ్లీ నోటిఫికేషన్ పడితే రాయించండి. మడి పనికి రోజుకు గంట చాలు, పరీక్ష చదువుకు అడ్డురాదు. రెండు కోతలు బాగా వచ్చి, ఇరుగుపొరుగు పశువుల సాలల పేడ ఏడాది పొడవునా ఖరీదుకు దొరుకుతుందని తేలాకే నాలుగు మడులకు అప్పు సంగతి ఆలోచించండి.