సోమశిలలో హోటల్ పెడతానన్న మేనకోడలికి

కోడలు పిల్లా,

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి కృష్ణ ఒడ్డున మన సోమశిలలో చేపల హోటల్ పెడతావట, వచ్చినవాళ్లు ఉండటానికి రెండు గదులు కూడా వేస్తావట. మీ అమ్మ ఫోన్లో చెప్పి ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకెంత గర్వంగా ఉందో కూడా చెప్పను, నెత్తికెక్కుతావు. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు.

లైసెన్సు ముందే తీసుకో. చేపలు పొద్దున్నే ఒడ్డున కొను. సన్న కన్నుల అలివి వలల్లో పట్టిన చేప పిల్లలను ఎంత చవకగా ఇచ్చినా ముట్టకు, అవి పెరిగితేనే వచ్చే ఏడు నీకు వ్యాపారం. కొర్రమీను అడిగినవాళ్లకు వండకముందే ధర చెప్పు, తిన్నాక గొడవ పడతారు.

ఇక జాగ సంగతి. నువ్వు పంపిన ఫొటో ఎండాకాలంలో తీసింది కదా? నాకు టెన్షన్ అక్కడే.

శ్రీశైలం డ్యామ్ కట్టాక మన పాత ఇల్లూ పొలమూ ముంపులో పోయాయి. సోమేశ్వరుడి గుడినే విప్పి పైకి తెచ్చి కట్టారు. అదంతా చూసినవాడే మీ నాయన. అందుకే డ్యామ్ నిండిన ఏడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసి, అక్కడ రాయి పాతాడు. నిండు మట్టం 885 అడుగులు, అంతకు మించి రావని ఎవరో చెప్పారట. రాయికి కాస్త పైన రేకుల షెడ్డు వేసి, అప్పు చేసి ఫ్రిజ్ తెచ్చాడు. ఇంకా పైకి జరగరా అంటే, 'నీళ్లు కనిపించకపోతే ఎవరొస్తారక్కా' అన్నాడు. ఆ మాటా నిజమే, బేరం బాగానే నడిచింది. 2009 అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర కలిసి పొంగాయి. కర్నూలు మునిగింది. మన దగ్గర నీళ్లు 885 దాటి, రాయి దాటి, షెడ్డు కప్పు దాకా ఎక్కాయి. మనిషి దక్కాడు, అప్పు మిగిలింది. నిన్ను హాస్టల్‌కు ఒక్క జత కొత్త బట్టలతో పంపింది ఆ అప్పు కడుతున్నప్పుడే. మీ నాయనను పిసినారి అని ఇంకా దెప్పుతుంటావు, ఇక చాలించు.

కాబట్టి గదులు ఊరి ఎత్తులో వేసుకో. నీళ్లు చూడాలనుకునేవాళ్లు నాలుగడుగులు నడుస్తారు. కింద కావాలంటే ఎత్తి పక్కన పెట్టగలిగే బల్లలు వేసుకో.

నది అవతలి సంగమేశ్వరం గుడి వానాకాలంలో నీళ్ల కిందే ఉంటుంది, వచ్చేవాళ్లకు ఫోన్లోనే చెప్పు. ఎండాకాలంలో పడవెక్కుతామంటే లైఫ్ జాకెట్లు నువ్వే చూసి పంపు. 2007 జనవరిలో ఇదే కృష్ణలో పడవ మునిగి 60 మందికి పైగా పోయారు. ఫొటోలు బాగా రావని జాకెట్ విప్పేస్తారు, మొహమాటపడకుండా తిట్టు.

మసాలా నేను నూరి పంపుతాను, బజారు పొడి వాడావంటే నీ హోటల్‌కు రాను. ఆదివారం మాత్రం ఫోన్ చెయ్యకు, ఆ రోజు నా పొయ్యి దగ్గర ఊపిరాడదు.

మీ అత్త