అవ్వోళ్ల ఊర్లో వచ్చే మాట మీ ఇంట్లో ఎందుకు రాదు?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. అనంతపురంలో ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో పని చేస్తున్నా. మాకు ఒక్కతే పాప. నాలుగేళ్లు నిండాయి, ఎల్‌కేజీ. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో మేడమ్ పాప క్లాసులో నోరు తెరవదని, పెన్సిల్ సరిగా పట్టదని చెప్పింది. మా అన్న కొడుకు ఇదే వయసులో వంద దాకా అంకెలు రాసేవాడు. రోజూ రాత్రి నేనే కూర్చోబెట్టి రాయిస్తా, ఏడుస్తుంది. మా ఆవిడది ఉరవకొండ దగ్గర పల్లె. తెలుగు మీడియంలో పది దాకా చదివింది, ఆమెకు ఏమీ తెలియదు. పాపతో గేదెను ఎనుము, ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటూ ఊరి మాటలే మాట్లాడుతుంటే వద్దని గట్టిగా చెప్పా. ఇంగ్లీషు రైమ్స్ కోసం ట్యాబ్ కొనిచ్చా. అవ్వోళ్ల ఊరికి పోతే మాత్రం పాప నోరు మూయదు. ఇంటికొస్తే మళ్లీ మామూలే. స్కూలు మార్చాలా? ట్యూషన్ పెట్టాలా? లేకపోతే వచ్చే ఏడు కూడా ఎల్‌కేజీలోనే కూర్చోబెట్టాలా?

జవాబు: స్కూలు మార్చొద్దు. ట్యూషన్ వద్దే వద్దు. ఎల్‌కేజీ రెండోసారి చదివించే పనీ లేదు. మీరడిగిన మూడింటికీ జవాబు అయిపోయింది. ఇక మీరు అడగని దాని గురించి మాట్లాడుకుందాం.

పాప గురించి అంత రాశారు, మీ ఆవిడ గురించి రాసింది నాలుగు ముక్కలు. నా కన్ను ఆ నాలుగు ముక్కల దగ్గరే ఆగిపోయింది. "ఆమెకు ఏమీ తెలియదు" అన్నారు. ముక్కూ మొహం తెలియని నాకే ఇంత తేలిగ్గా రాయగలిగిన మనిషి, ఇంట్లో ఆ మాట ఎన్నిసార్లు అని ఉంటారు? పాప అన్నం తింటున్నప్పుడు, పలక ముందు కూర్చున్నప్పుడు, మీ అన్నా వదినా వచ్చినప్పుడు?

అవ్వోళ్ల ఊర్లో పాప నోరు మూయదని మీరే రాశారు. మాట రాని బిడ్డయితే ఉరవకొండ బస్సు దిగగానే మాట ఎట్లా వచ్చింది? అక్కడ లేనిదేమిటో, ఇక్కడ ఉన్నదేమిటో ఒక్క నిమిషం ఆలోచించండి. పుట్టింట్లో మీ ఆవిడ ఎనుమును ఎనుమనే అంటుంది. ఎవరూ కసరరు. తల్లి నోరు విప్పితే బిడ్డ నోరు విప్పుతోంది.

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో బెట్టీ రెపచోలి, ఆండ్రూ మెల్ట్‌జాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు ఏడాదిన్నర వయసు పిల్లలతో చేసిన ఒక ప్రయోగాన్ని 2007లో ప్రచురించారు. ఒకామె పిల్ల ఎదురుగా కూర్చుని ఒక బొమ్మతో ఏదో చేసి చూపిస్తుంది. అది చూసి ఇంకొకామె కోపంగా కసురుతుంది. ఎవరిని? పిల్లను కాదు, బొమ్మతో ఆడి చూపిన పెద్దామెను. తర్వాత అదే బొమ్మ పిల్ల చేతికిస్తారు. కసిరినామె తమవైపు చూస్తూ కూర్చుంటే, అప్పటికి ఆమె మొహంలో కోపం లేకపోయినా సరే, పిల్లలు ఆ పని చేయడానికి వెనకాడారు. ఆమె గదిలో లేకపోతేనో, చూపు తమ మీద లేకపోతేనో ధైర్యంగా చేశారు. తమను ఒక్క మాట కూడా అనలేదు. పక్క మనిషిని అంటే విన్నారు, అంతే.

మీ పాప వయసు ఆ పిల్లలకు రెండింతలకు పైనే. అమ్మ నోరు తెరిస్తే నాయన కసురుతాడన్నది ఆమెకు ఎప్పుడో అర్థమై ఉంటుంది. తప్పు మాట వస్తే కసిరేవాళ్లు ఎదురుగా ఉన్నంతసేపు నోరు మూసుకుంటే మంచిదని కూడా నేర్చుకుంది. బళ్లో మేడమ్ కూడా ఆమె కంటికి అట్లాంటి మనిషే. పాప చదువులో వెనకబడిందని మీరనుకుంటున్నారు. మీ ఇంట్లో రోజూ జరిగే పాఠాన్ని ఆమె బాగానే ఒంటబట్టించుకుందని నేనంటాను.

ఈ మాట నేను పుస్తకాలు చదివి మాత్రమే చెప్పడం లేదు. మాది కర్నూలు. మా అమ్మ నిశాని, అంటే వేలిముద్రే. పత్తి ఏరే కూలోళ్లు ముప్పై మంది ఉన్నా, ఎవరు ఎన్ని రోజులు వచ్చారో, ఎవరికి ఎంత ఇవ్వాలో కాగితం లేకుండా చెప్పేది. మా నాయన మాత్రం చుట్టాల ముందు "దానికేం తెలుసు" అని తీసి పారేసేవాడు. ఆయన చెడ్డవాడు కాడు. కానీ ఆ మాట విని విని నేను అమ్మను ఏదీ అడగడం మానేశా. పదో తరగతిలో లెక్కలు అర్థం కాక ఏడుస్తూ కూర్చున్నప్పుడు కూడా, పక్కనే చేట పట్టుకుని కూర్చున్న అమ్మను అడగాలని తోచలేదు. ఆమె పోయాక తెలిసింది నాకేం పోయిందో. అందుకే మీ ఉత్తరం పక్కన పెట్టలేకపోయాను.

మీ ఆవిడకు ఏమి తెలుసో నేను చెబుతా. పెద్దవాళ్ల మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే. ఒక్కొక్కటీ ఏళ్ల తరబడి ఎముకగా గట్టిపడుతూ వస్తుంది. చివరిది గట్టిపడటం మొదలయ్యేసరికి పిల్లకు దాదాపు తొమ్మిది, పదేళ్లు వస్తాయి. నాలుగేళ్ల చెయ్యి ఇంకా తయారవుతున్న చెయ్యి. దానితో రాత్రి తొమ్మిదింటికి నాలుగు గీతల నోటుబుక్కులో పేజీలు నింపించాలనుకోవడం న్యాయమేనా? ఆ చేతికి కావలసింది పిండి పిసకడం, వేరుశనగ బుడ్డలు ఒలవడం, బియ్యంలో రాళ్లు ఏరడం, వేళ్ల సందు నుంచి ముగ్గుపిండి జారవిడవడం. చుక్కలు లెక్కపెట్టి కలిపితే అందులో అంకెలూ ఉన్నాయి, ఆకారాలూ ఉన్నాయి. ఇవన్నీ మీ ఇంట్లో ఎవరికి వచ్చు?

మాటల సంగతీ అంతే. 2018లో రేచెల్ రోమియో అనే పరిశోధకురాలి బృందం నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల ఇళ్లలో మాటలు రికార్డు చేసి, పిల్లల మెదడులో భాషకు సంబంధించిన భాగం ఎట్లా పని చేస్తోందో చూసింది. పిల్ల చెవిన ఎన్ని వేల మాటలు పడ్డాయన్న దానికంటే, పెద్దలకూ పిల్లకూ మధ్య మాటకు మాట ఎన్నిసార్లు నడిచిందన్న దానికే మెదడు పనితీరుతో సంబంధం కనిపించింది. తల్లిదండ్రుల చదువును, ఆదాయాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం అట్లాగే ఉంది. ఉరవకొండ పక్క పల్లెలో పది చదివిన తల్లి, బిడ్డ అడిగిన ప్రతి "ఎందుకూ?"కూ ఓపిగ్గా బదులు చెబితే, అంతకు మించిన ఎల్‌కేజీ నాకు తెలియదు.

ట్యాబ్ గురించి కూడా ఒక మాట. ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో తొమ్మిది నెలల అమెరికా పసిపిల్లలకు చైనా మాండరిన్ భాష వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ పన్నెండు సార్లు మాట్లాడితే ఆ భాషలోని ధ్వనుల తేడా పట్టుకోగలిగారు. అదే మాటలు టీవీలో చూపిస్తే ఏమీ నేర్చుకోలేదు. మీ పాప వాళ్లకంటే పెద్దదే, రైమ్స్ నోటికి వస్తే రావచ్చు. కానీ ట్యాబ్ ఆమె చెప్పేది వినదు. ఈ వయసుకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, తగ్గితే ఇంకా మంచిదని కూడా చెప్పింది.

ఇంగ్లీషు రాదేమోనన్న మీ భయం నాకు అర్థమవుతుంది. మీరు కూడా ఎక్కడో, ఏ ఇంటర్వ్యూలోనో, ఇంగ్లీషు తడబడి తల దించుకుని ఉంటారు. ఆ నొప్పి బిడ్డకు రాకూడదనుకోవడం తండ్రి ధర్మమే. కానీ ఇంగ్లీషు బళ్లో వస్తుంది. ఇంట్లో ఒక భాష గట్టిగా పట్టుబడిన పిల్లకు రెండోది నిలబడటానికి చోటు ఉంటుంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా పునాది దశ అంది, ఆటపాటలతో నేర్పమంది, వీలున్నంతవరకు ఇంటి భాషలో చెప్పమంది. ఎనుము అన్న పిల్ల రేపు బఫెలో అనలేదా?

మీ అన్న కొడుకు సంగతి వదిలేయండి. పిల్లల మధ్య పోలిక పెట్టి బాగుపడిన ఇల్లు నేను చూడలేదు.

ఇక చేయవలసింది. ముందు మీ ఆవిడకు క్షమాపణ చెప్పండి. గదిలో తలుపేసుకుని కాదు, పాప ముందు చెప్పండి. కసిరింది పాప ముందు కాబట్టి. "అమ్మను అట్లా అనకూడదు, నాయనది తప్పు" అంటే చాలు. మగవాడికి చిన్నతనం అని ఎవరైనా అంటే నా పేరు చెప్పండి. రాత్రి పలక తీసి అటక మీద పెట్టండి. ఆ అరగంట ముగ్గురూ కలిసి అన్నం తినండి. ఎనుము పాలు ఎట్లా పిండుతారో, దూడను ఎందుకు ముందు వదులుతారో మీ ఆవిడను మీరే అడగండి. పాప వింటుంది. రెండు రోజులు పోనిచ్చి మధ్యలో తగులుకుంటుంది. అప్పుడు తప్పు దిద్దకండి.

మేడమ్‌తో కూడా మాట్లాడండి. పాపను నిలబెట్టి అడగొద్దని, పక్క పిల్లతో కలిసి ఆడనివ్వమని చెప్పండి. పిల్లల డాక్టరుకు చూపించి ఒకసారి చెవులు పరీక్ష చేయించండి, అనుమానం ఉండకూడదు. ఊర్లో అంత మాట్లాడే బిడ్డకు చెవుల్లో దోషం ఉంటుందని నేననుకోను. రెండు, మూడు నెలలైనా బళ్లో ఒక్క మాట రాకపోతే పిల్లల మానసిక నిపుణులను కలవండి.

ఈ జవాబు మీ ఆవిడకు కూడా ఇవ్వండి. ఇక్కడి నుంచి ఆమెకు.

అమ్మా, ఆయన వద్దన్నాడని నువ్వు నోరు కట్టేసుకున్నావు. మొగుడి మాట కాదనకూడదని పెంచిన ఇంట్లో పుట్టి ఉంటావు, నేనూ అట్లాంటి ఇంట్లోనే పుట్టా. కానీ బిడ్డతో మాట్లాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రేపు పొద్దున ఊరిబిండి నూరేటప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టుకో. బుడ్డలు ఎన్ని వేశామో లెక్కపెట్టమను. తప్పు చెబితే నవ్వు, నువ్వూ ఒకసారి తప్పు చెప్పు. ఆయన గుమ్మంలోకి వచ్చినా మాట ఆపకు.

ఇక మళ్లీ మీకు. ట్యూషన్ మేడమ్‌కు ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే వెనక్కి అడగండి. ఆ డబ్బుతో ఈ ఆదివారం ముగ్గురూ ఉరవకొండ బస్సెక్కండి. అక్కడ పాప మాట్లాడుతుంటే మీరు పక్కన కూర్చుని వినండి, మీరున్నా మాట ఆగకుండా ఉండేదాకా.