బోండాం ఒక్కటే నమ్ముతున్నాడంటే

ఉత్తరం: మాది కోనసీమలో కాలువ గట్టు పక్క ఊరు. ఆయన కొబ్బరి తోట, చేపల చెరువు చూసుకుంటారు. అబ్బాయికి ఇరవై ఆరేళ్లు. బీటెక్ చేసి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన ఏడాదికే తిరిగొచ్చేశాడు. ఎవరో తిడుతున్నట్టు వినబడుతోందనేవాడు, కిటికీలన్నీ మూసుకుని కూర్చునేవాడు. ఏలినాటి శని అన్నారని మందపల్లి తీసుకెళ్లి తైలాభిషేకం కూడా చేయించాం. కాకినాడలో డాక్టరు గారు స్కిజోఫ్రెనియా అన్నారు. ఆరేడు నెలలు మందులు వాడితే తేరుకున్నాడు. ఒళ్లొచ్చేస్తోంది, ఎప్పుడూ మత్తుగా ఉంటున్నాడని మేమే ఆపేశాం. మళ్లీ మొదలైంది. ఈసారి మింగనంటే పాత చీటీ మీద మాత్రలు తెచ్చి, పొడి చేసి పెరుగన్నంలో కలుపుతున్నాను. ఆ మధ్య చూసేశాడు. అప్పట్నుంచి నా చేతి అన్నం ముట్టడం లేదు. బోండాం తనే కొట్టుకుని తాగుతాడు, అరటిపళ్లు తనే వలుచుకుని తింటాడు. పిచ్చి ముదిరిందంటున్నారు ఆయన. మా తమ్ముడి కూతురుంది. పెళ్లయితే కుదుటపడతాడని అందరూ అంటున్నారు. జబ్బు సంగతి తమ్ముడికి ముందే చెప్పాలా, పెళ్లయ్యాక చెప్పొచ్చా?

జవాబు: అమ్మా, మీరు అడిగినదానికి జవాబు ముందే చెప్పేసి పక్కన పెడతాను. ఇప్పుడు పెళ్లి మాట ఎత్తకండి. ఆడపిల్ల మందు బిళ్ల కాదు. ఈ జబ్బున్నవాళ్లు పెళ్లికి పనికిరారని నేననను. మందులతో నిలకడగా ఉండి, తన జబ్బు సంగతి తన నోటితో చెప్పుకోగలిగిన రోజున, అన్నీ తెలిసి ఒప్పుకున్న అమ్మాయిని మీ అబ్బాయి చేసుకోవచ్చు. మేనరికమైతే పుట్టబోయే పిల్లల గురించి డాక్టరును అడిగి తీరాలి, రక్తసంబంధంలో ఈ జబ్బు వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది. దాచి చేసిన పెళ్లిని 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద కోర్టు రద్దు చేయగలదు. కోర్టు దాకా వెళ్లకపోయినా మీ తమ్ముడు మళ్లీ మీ గడప తొక్కడు. పుట్టింటి మీద ఇంత మోసం తలపెట్టడానికి మీకు మనసెలా వచ్చిందో అని బాధపడ్డాను.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది బోండాం దగ్గర.

అబ్బాయి జబ్బులోని భయం ఏమిటి? తనకెవరో హాని తలపెట్టారని. అలాంటిదేమీ లేదు నాన్నా అని నెలల తరబడి మీరే చెప్పారు. తర్వాత ఒకరోజు కంచంలో తెల్లటి పొడి కనబడింది. కలిపింది కన్నతల్లి. ఇప్పుడు ఆ పిల్లాడు ఎవరి మాట నమ్మాలి? బోండాంలో ఎవరూ ఏమీ కలపలేరు. తొక్క తీయని అరటిపండులోనూ కలపలేరు. మీ ఆయన పిచ్చి ముదిరిందంటున్నది దీన్నే. నాకు మాత్రం ఆ ఇంట్లో తెలివిగా ఆలోచిస్తున్నవాడు అతనొక్కడే అనిపించింది.

మిమ్మల్ని దోషిని చేయడానికి ఇది రాయడం లేదు. తల్లి పెంపకం వల్ల స్కిజోఫ్రెనియా రాదు, ఆ నింద ఎవరేసినా మొయ్యకండి. అది మెదడుకొచ్చే జబ్బు, నూటికి దాదాపు ఒకరికి వస్తుంది, ఎక్కువగా ఇలా పడుచు వయసులోనే. బిడ్డ బాగుపడాలనే మీరు కలిపారని నాకు తెలుసు. కానీ ఇలా కలిపితే మందుగా కూడా పనికిరాదు. సగం అన్నం వదిలేసిన రోజు సగం మందే వెళ్తుంది. కొన్ని మాత్రలు అసలు పొడి చేయకూడదు. ఇంతకాలంగా అబ్బాయిని డాక్టరుకు చూపించలేదు కాబట్టి ఒంట్లోకి ఎంత వెళ్తోందో, అది పడుతోందో లేదో ఎవరికీ తెలియదు.

లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు ఆస్పత్రి నుంచి ఇళ్లకు వెళ్లిన ఇలాంటి రోగులను గమనించి 1958లో ఒక సంగతి ప్రకటించాడు. తోబుట్టువుల దగ్గరో అద్దె గదుల్లోనో ఉన్నవాళ్లకంటే, తల్లిదండ్రుల దగ్గరికి, భార్యల దగ్గరికి వెళ్లినవాళ్లకే జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. ప్రేమ తక్కువై కాదు. సూటిపోటి మాటలు, విసుగు, ఊపిరాడనివ్వని కాపలా ఉన్న ఇళ్లలో అలా జరుగుతోందని తర్వాత తేలింది. అన్నంలో దాచిన మాత్ర కూడా కాపలాయే.

మా చిన్నప్పుడు మా పెరటి గదిలో ఒక మేనత్త ఉండేది. చుట్టాలొస్తే గొళ్లెం పెట్టేవారు. ఆవిడకి వచ్చింది ఏ జబ్బో ఇంట్లో ఎవరూ తెలుసుకోలేదు. గొళ్లెం చప్పుడు మాత్రం నా చెవుల్లో ఉండిపోయింది. జబ్బు మనిషి దగ్గర కూడా మాట నిలబెట్టుకోవాలి అని నేనింత పట్టుబట్టడం అందుకే.

ముందు మీరొక్కరే వెళ్లి డాక్టరు గారికి జరిగింది జరిగినట్టు చెప్పండి. పొడి కలిపానని కూడా చెప్పండి, తిడితే పడండి. మత్తు, ఒళ్లు రావడం మందు దుష్ప్రభావాలే, వాటికి మోతాదు తగ్గిస్తారు, లేదా వేరే మందు రాస్తారు. తేరుకున్నాక కూడా ఏడాది, రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం వాడాల్సి ఉంటుంది. రోజూ మింగడం గొడవైతే రెండు వారాలకో నెలకో ఒకసారి వేసే ఇంజెక్షన్లున్నాయి. వాటికీ అతని ఒప్పుదల కావాలి.

తర్వాత అబ్బాయి దగ్గర కూర్చోండి. మీ ఆయన ఎదురుగా వద్దు. "నేనే కలిపాను నాన్నా. నీకు చెప్పకుండా కలపడం తప్పు. ఇక కలపను" అనండి. ఏడవకండి, నీకోసమే చేశానని వాదించకండి. అతను అరిచినా వినండి. మళ్లీ వంటింట్లోకి రావడానికి వారాలు పట్టొచ్చు. అందరికీ ఒకే గిన్నెలో వండండి, ముందు తనే వడ్డించుకోనివ్వండి. గొంతులు వినబడుతున్నాయంటే అవునవునని వంత పాడొద్దు, అబద్ధమని కొట్టిపారేయొద్దు. "నాకు వినబడటం లేదు, నీకు వినబడుతోందని తెలుస్తోంది, భయమేస్తోందా?" అంటే చాలు. ఓపిక వచ్చాక కొబ్బరికాయల దింపు రోజున కాయల లెక్క అతనికి అప్పగించమని మీ ఆయనకు చెప్పండి. మందపల్లి వెళ్లాలనిపిస్తే వెళ్లండి, మందు మాత్రం మానొద్దు.

నీళ్లు కూడా తాగనన్నా, రాత్రుళ్లు నిద్ర పూర్తిగా పోయినా, చచ్చిపోతానన్నా ఇంట్లో పెట్టుకోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఏ వేళప్పుడైనా 14416కు ఫోన్ చేస్తే, మనసు జబ్బులకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

డాక్టరు కొత్త మందు రాసిచ్చాక ఆ మాత్రల అట్ట విప్పకుండా అతని చేతికే ఇవ్వండి. చింపడం, నీళ్లు ముంచుకోవడం అతనే చేసుకుంటాడు. ఆ రోజు మింగకుండా బల్ల మీద పెట్టేస్తే అక్కడే ఉండనివ్వండి, డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పండి, పెరుగు గిన్నె వైపు మాత్రం వెళ్లకండి.