అభిమన్యుని భార్య ఉత్తరా, శశిరేఖా?

ప్రశ్న: మా పల్లెలో ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరిగింది. పగలు హరికథలో ఉత్తరాభిమన్యుల పెళ్లి చెప్పారు, ఒక రాత్రి నాటకంలో శశిరేఖ పెళ్లి ఆడారు. శశిరేఖే పెద్ద భార్య అని మా అత్తగారు అంటున్నారు, ఆ పేరే భారతంలో లేదని మా అబ్బాయి అంటున్నాడు. అభిమన్యునికి ఇద్దరు భార్యలా? అతడు యుద్ధంలో పడిపోయాక శశిరేఖ ఏమైంది?
— ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: గ్రంథాన్ని బట్టి చూస్తే మీ అబ్బాయి మాటే నిజం. వ్యాస భారతంలో గానీ, కవిత్రయం తెనిగించిన ఆంధ్ర మహాభారతంలో గానీ శశిరేఖ లేదు. అభిమన్యుడు పెళ్లాడినది మత్స్యదేశపు రాజు విరాటుని కూతురు ఉత్తరను మాత్రమే. అయినంత మాత్రాన మీ అత్తగారి మాటను తోసిపుచ్చవలసిన పని లేదు. శశిరేఖ కథ కూడా గాలిలోంచి ఊడిపడినది కాదు. దాని వేరు ఎక్కడ ఉన్నదో తర్వాత చెబుతాను. ముందు ఉత్తర పెళ్లి సంగతి చూద్దాం, ఎందుకంటే మన నాటకాలలో ఉత్తర ఏడ్చే ఘట్టమే తప్ప ఆమె పెళ్లి ఎలా కుదిరిందన్నది ఎవరూ తీరికగా చెప్పరు.

అజ్ఞాతవాసం ముగిసి, గోవులను మళ్లించిన వీరుడు అర్జునుడని తెలిసిన తర్వాత, విరాటుడు తన కూతుర్ని అర్జునునికే ఇస్తానన్నాడు. అర్జునుడు దానికి ఒప్పుకోలేదు. ఏడాది పాటు అంతఃపురంలో ఆమెకు ఆటపాటలు నేర్పాననీ, ఏకాంతంలోనూ నలుగురిలోనూ ఆమె తనను తండ్రిలా నమ్మిందనీ, గురువుగా గౌరవించిందనీ, వయసు వచ్చిన పిల్లతో అంతకాలం ఒకే చోట ఉన్నవాడు ఇప్పుడు ఆమెను భార్యగా తీసుకుంటే లోకం ఇద్దరినీ శంకిస్తుందనీ చెప్పి, కోడలిగా అయితే స్వీకరిస్తానన్నాడు. కోడలికీ కూతురికీ భేదం లేదన్నది అతని మాట. ఒక ఆడపిల్ల మర్యాదను కాపాడడానికి ఇంత ఆలోచించి పలికిన మాట భారతంలో అరుదు. పద్దెనిమిది రోజుల నాటకంలో ఈ సంవాదానికి ఒక గంట కేటాయించినా తక్కువేనని నేను అనుకుంటాను.

పెళ్లి ఉపప్లావ్యంలో జరిగింది. ద్వారక నుంచి కృష్ణుడు, బలరాముడు, సాత్యకి, కృతవర్మ, సాంబుడు మొదలైనవారు సుభద్రనూ అభిమన్యునీ వెంటబెట్టుకొని వచ్చారు. ద్రుపదుడు ద్రౌపది కొడుకులతో, ధృష్టద్యుమ్నునితో, శిఖండితో కలిసి సేనాసమేతంగా తరలి వచ్చాడు. విరాటుడు అల్లునికి వాయువేగంతో పరుగెత్తే గుర్రాలను 7,000, మేలైన ఏనుగులను 200 ఇచ్చాడు. ఉద్యోగపర్వం మొదలయ్యేది కూడా ఈ పెళ్లి ముగిసిన మరునాటి సభతోనే.

ఇక్కడ బలరాముని సంగతి గమనించండి. నాటకంలో శశిరేఖ అతని కూతురు. అభిమన్యుడు అంతకుముందే ఆమెను పెళ్లాడి ఉంటే, తన అల్లునికి మరొక పిల్లతో జరుగుతున్న పెళ్లికి ఆ మామ ఒక్క మాట అనకుండా వచ్చి కూర్చోవడం, మరునాటి సభలో నిశ్చింతగా దుర్యోధనుని పక్షాన నాలుగు మాటలు చెప్పడం పొసగవు. స్త్రీపర్వం కూడా అదే చెబుతుంది. యుద్ధభూమిలో అభిమన్యుని తల ఒడిలో పెట్టుకొని, రక్తంతో తడిసిన జుట్టు సవరిస్తూ ఏడ్చిన భార్య ఉత్తర ఒక్కతే. ‘మన కాపురం ఆరు నెలలే, ఏడవ నెలలో నువ్వు వెళ్లిపోయావు’ అని ఆమె విలపించడాన్ని గాంధారి కృష్ణునికి చూపిస్తుంది. అక్కడ శశిరేఖ లేదు. మీ చివరి ప్రశ్నకు జవాబు అదే: ఆమె కథ పెళ్లి పందిరిలోనే ఆగిపోతుంది, యుద్ధం దాకా రాదు.

ఉత్తర గురించి మరొక్క సంగతి చెప్పక తప్పదు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు రథం ఎక్కి కౌరవుల మీదికి వెళ్లేటప్పుడు, ఆ వీరుల బట్టలు తెచ్చిపెట్టమనీ, వాటిని తమ బొమ్మలకు కడతామనీ ఉత్తర, ఆమె చెలికత్తెలు అడిగారు. శత్రువులు మూర్ఛలో ఉండగా అర్జునుడు ఆ కోరిక మరచిపోక, ద్రోణ కృపుల తెల్లని వస్త్రాలను, కర్ణుని పచ్చని వస్త్రాన్ని, అశ్వత్థామ దుర్యోధనుల నీలి వస్త్రాలను ఉత్తరకుమారుని చేత తెప్పించాడు. ఆ బొమ్మల బట్టల సొంతదారులలో ద్రోణుడు, కృపుడు, కర్ణుడు, అశ్వత్థామ యుద్ధం పదమూడవ నాడు ఆమె భర్తను చుట్టుముట్టిన ఆరుగురిలో ఉన్నారు. ఆమె పెళ్లికి వచ్చిన కృతవర్మ కూడా ఉన్నాడు.

ఇక శశిరేఖ కథ వేరు సంగతి. భాగవతం దశమస్కంధంలో, బలరాముడు తన చెల్లెలు సుభద్రను దుర్యోధనునికి ఇవ్వాలనుకుంటాడు. మేనత్త కుంతి కొడుకైన అర్జునుడు త్రిదండి సన్యాసి వేషంలో ద్వారకకు వచ్చి, కృష్ణుని సమ్మతితో ఆమెను తీసుకుపోతాడు. ఇప్పుడు శశిరేఖ కథను దీని పక్కన పెట్టండి. బలరాముడు తన కూతుర్ని దుర్యోధనుని కొడుకు లక్ష్మణునికి ఇవ్వాలనుకుంటాడు. మేనత్త సుభద్ర కొడుకైన అభిమన్యుడు కృష్ణుని సాయంతో, ఘటోత్కచుని మాయతో ఆమెను దక్కించుకుంటాడు. తల్లి పెళ్లి కథనే ఒక తరం కిందికి దించి కొడుకు పెళ్లిగా మలిచారని నా అభిప్రాయం. మేనమామ కూతురి మీద మేనల్లునికి హక్కు ఉందని నమ్మే మన సీమలో, పాండవుల సంపద పోగానే మేనరికాన్ని కాదన్న బలరాముని మీద జనానికి కోపం రావడం, ఘటోత్కచుడు దిగగానే ఈలలు పడడం సహజం. భారతంలో లక్ష్మణుడు చక్రవ్యూహంలో అభిమన్యుని చేతిలోనే చనిపోయాడు. ఇద్దరి పోటీకి కథకులు అక్కడి నుంచి ఊతం తీసుకొని ఉండవచ్చు. తమిళంలోనూ మరాఠీలోనూ ఇదే కథ ఉంది, అమ్మాయి పేరు మాత్రం వత్సల. మన దగ్గర 1957 నాటి ‘మాయాబజార్’ తర్వాత శశిరేఖ ప్రతి ఇంటి పిల్ల అయింది.

మీ ఊరివారు రెండు కథలనూ ఆడడంలో తప్పు లేదు. శశిరేఖ పెళ్లి ఆడేటప్పుడు ఇది జనశ్రుతి అని సూత్రధారుడు ఒక మాట చెబితే మీ ఇంట్లో వాదన తీరుతుంది.

ప్రశ్న: పరీక్షిత్తు భార్య పేరు ఒకచోట మాద్రవతి అనీ, మరొకచోట ఇరావతి అనీ చదివాను. ఏది సరి?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: రెండూ గ్రంథాలలో ఉన్నవే. భారతం ఆదిపర్వంలో మాద్రవతి, భాగవతం ప్రథమస్కంధంలో ఇరావతి. భాగవతం ప్రకారం ఇరావతి ఉత్తరకుమారుని కూతురు, అంటే పరీక్షిత్తు తల్లి ఉత్తరకు మేనకోడలు. కనుక అర్జునుని లాగే అతని మనుమడు పరీక్షిత్తు కూడా మేనమామ కూతుర్నే చేసుకున్నాడు. జనమేజయుడు పరీక్షిత్తు కొడుకన్న విషయంలో రెండు గ్రంథాలకూ భేదం లేదు. జనమేజయుడు కాశీరాజు సువర్ణవర్మ కూతురు వపుష్టమను పెళ్లాడాడు.